బావగారి పచ్చ సిలిండర్లలో మన గ్యాస్ నింపించుకోవచ్చా?

ప్రశ్న: బాబాయ్ గారూ, మాది మురళీనగర్. మా బావ వాళ్ళు పన్నెండేళ్ళు అమెరికాలో ఉండి ఈ మధ్యే వైజాగ్ వచ్చేశారు. సామాన్లు ఓడలో కంటైనర్‌లో వచ్చాయి, అందులో రెండు బర్నర్ల క్యాంపింగ్ స్టవ్ ఒకటి, ఆరు ఖాళీ పచ్చ సిలిండర్లు (చేత్తో పట్టుకునేంతవి, ఒక్కోదాంట్లో ఒక పౌండ్ గ్యాస్ పడుతుందంట), ఒక ఇత్తడి అడాప్టర్ ఉన్నాయి. అక్కడ బావ పెద్ద ట్యాంక్ నుంచి వీటిల్లోకి తనే నింపుకునేవాడంట, ఎప్పుడూ ఏం కాలేదంటున్నాడు. ఆ అడాప్టర్ మన గ్యాస్ బండకి పట్టలేదు. మా ఫ్రెండ్‌కి తెలిసిన ఒకాయన చిన్న సిలిండర్లు నింపుతాడు, ఆయన ఏదో గొట్టం పెట్టి ఒకటి నింపిచ్చాడు, వంద తీసుకున్నాడు. డిసెంబర్‌లో నలుగురం లంబసింగి వెళ్తున్నాం, తర్వాత అరకు ట్రైన్‌లో ఇంకో ప్లాన్ ఉంది. ఫ్రెండ్ దగ్గరున్న చిన్న స్టవ్‌కి పట్టే 225 గ్రాముల క్యాన్ ఒక్కోటి రెండొందలు పడుతోంది, అందుకే మిగతా ఐదు పచ్చవీ నింపించేద్దామని నా ఆలోచన. అమ్మ ఒప్పుకోవట్లేదు. వంటింటి అటక మీద పెట్టిందాన్ని చూసి రోజూ గొడవే, వాసన వస్తోంది అంటుంది, నాకైతే ఏ వాసనా రావట్లేదు. ఇది సేఫేనా? డబ్బులు మిగుల్తాయా?

సమాధానం:

నాన్నా, లంబసింగి సంగతి, డబ్బుల సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ అటక మీదున్నదాన్ని కిందకి దించు. ఇది చదవడం ఆపేసి దించినా నాకు సంతోషమే.

అటక అన్నావు, అదీ వంటింట్లో. ఈ గ్యాస్ గాలికంటే బరువు, మన వంట గ్యాస్‌లో రెండు రకాలు కలిసుంటాయి, ప్రొపేన్ అయితే ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ అయితే రెండు రెట్లు, కాబట్టి లీకైతే పైకి పోదు, నీళ్ళు కారినట్టు కిందకే దిగుతుంది, అటక మీంచి దిగితే తిన్నగా మీ అమ్మ వెలిగించే పొయ్యి మీదకే దిగుతుంది. గాలిలో వందకి రెండు పాళ్ళు గ్యాస్ కలిస్తే చాలు అంటుకోడానికి. నీకు వాసన రావట్లేదు అమ్మకి వస్తోంది అంటే నేను అమ్మ ముక్కునే నమ్ముతాను. ఈ గ్యాస్‌కి సొంత వాసన లేదు, లీకైతే తెలియాలని మెర్కాప్టన్ అనే కంపు పదార్థం కలుపుతారు, ఆ కంపుకి మన ముక్కు కాసేపటికే అలవాటు పడిపోతుంది, అలవాటయ్యాక ఉన్నా లేనట్టే ఉంటుంది. రోజంతా బయట తిరిగి వచ్చి ఫోన్ పట్టుకుని సోఫాలో కూర్చునేవాడికంటే నాలుగు సార్లు వంటింట్లోకి వెళ్ళొచ్చే మనిషికే ముందు తెలుస్తుంది.

దించే ముందు పొయ్యి ఆపెయ్యి, దీపం ఉంటే కొండెక్కించు, తలుపులూ కిటికీలూ తెరువు, ఫ్యాన్ గానీ లైటు గానీ వెయ్యొద్దు, వేసి ఉంటే ఆపొద్దు కూడా, స్విచ్ నొక్కినా తీసినా లోపల చిన్న మెరుపు వస్తుంది. తీసుకెళ్ళి మేడ మీద నీడలో, నీళ్ళు పోయే కన్నాలకి దూరంగా, నిలువుగా పెట్టు. ఇప్పుడు సబ్బు నురగ చేసి పైన మర మీద, మధ్యలో పిన్ను దగ్గర, పక్కన చిన్న సేఫ్టీ వాల్వ్ ఉంటుంది దాని మీద, అన్నిచోట్లా రాయి. బుడగలొచ్చాయా, ఇంక దాన్ని ముట్టుకోకు, ఎవర్నీ దగ్గరకి రానివ్వకు, కిందకొచ్చి ఆరుబయట నుంచి 1906కి ఫోన్ చెయ్యి, అది గ్యాస్ లీకుల కోసమే ఉన్న నంబరు, వాసన గట్టిగా ఉంటే 101 ఫైర్ వాళ్ళకి చెయ్యి. మేకు పెట్టి పిన్ను నొక్కి ఖాళీ చేసేద్దాం అనుకోకు. లోపలున్న ద్రవం చేతి మీద చిమ్మితే కాలినట్టే చర్మం ఊడొస్తుంది, ప్రొపేన్ సున్నాకి నలభై రెండు డిగ్రీల కింద మరుగుతుంది, అంత చల్లగా ఉంటుంది బయటికొచ్చేటప్పుడు.

బుడగలు రాకపోతే ఇంకో పని ఉంది. మీ దగ్గర ఖాళీవి ఐదున్నాయి కదా, ఒకదాన్ని కాటాలో తూచు, తర్వాత నింపినదాన్ని తూచు, రెండింటికీ తేడా ఎంతో చూడు. ఆ డబ్బా మీదే రాసుంటుంది 465 గ్రాములు అని. తేడా అంతకంటే తక్కువుంటే బావగారి స్టవ్‌కి తగిలించి మేడ మీదే ఆరుబయట వెలిగించి, పక్కనే నిలబడి, అయిపోయేదాకా కాల్చెయ్యి, నీళ్ళు కాచుకో టీ పెట్టుకో నీ ఇష్టం. 465 దాటిందా, స్టవ్‌కి తగిలించొద్దు, ఎండ తగలకుండా అక్కడే ఉంచి ఫైర్ వాళ్ళకి చెప్పు. ఎందుకు దాటకూడదో చెప్తాను, నీ ప్రశ్నకి అసలు సమాధానం అక్కడే ఉంది.

నేను గ్యాస్ ఏజెన్సీలో మెకానిక్‌గా ఇరవై ఆరేళ్ళు చేశాను, గాజువాక నుంచి మధురవాడ దాకా ఎన్ని వంటిళ్ళు తిరిగానో లెక్కలేదు. బండని ఎప్పుడూ నిండుగా నింపరు, ఇది చాలామందికి తెలీదు. ప్లాంట్‌లో నింపినప్పుడు లోపల ఎనభై ఎనభై అయిదు పాళ్ళే ద్రవం ఉంటుంది, మిగతాది ఆవిరికి వదిలేస్తారు. గ్యాస్ ద్రవం వేడికి నీళ్ళకంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉబ్బుతుంది. ఖాళీ జాగా ఉంటే ఉబ్బినా సర్దుకుంటుంది, లేకపోతే ఆ ద్రవం ఇనప గోడని తోస్తుంది, ద్రవాన్ని నొక్కితే నొక్కుకోదు కదా, అప్పుడు ఒక్కో డిగ్రీ పెరిగినకొద్దీ లోపల ఒత్తిడి (దాన్ని కొలిచేది బార్లలో) బార్లకి బార్లు ఎగబాకుతుంది. చలిలో బానే ఉన్న డబ్బా ఎండలో పెట్టిన కార్లో, అందులోనూ మన మే నెల కార్లో, ఏమవుతుందో ఆలోచించు. సేఫ్టీ వాల్వ్ తెరుచుకుంటే అదృష్టం, తెరుచుకున్నా ఆ గ్యాస్ అంతా కారులోనే ఉంటుంది.

ఇప్పుడు ఈ పచ్చ డబ్బాలు ఇంట్లో ఎలా నింపుతారో చూడు. బావని అడుగు, తనూ ఇదే చెప్తాడు. పెద్ద ట్యాంక్‌ని తలకిందులు చేసి అడాప్టర్ బిగించి చిన్నదాన్ని తగిలిస్తారు, చిన్నది వెచ్చగా ఉంటే సగం కూడా ఎక్కదు, అందుకని దాన్ని ముందు ఫ్రిజ్ పైన ఐసు పెట్టెలో పెట్టి గడ్డకట్టిస్తారు, అప్పుడు లోపల ఒత్తిడి తగ్గి ద్రవం ఒక్కసారిగా దూసుకొస్తుంది. ఎక్కడ ఆగాలో చెప్పే ముల్లు లేదు, గాజు లేదు, చప్పుడు ఆగిందా లేదా అని చెవి పెట్టి వినడమే. జాగ్రత్తపరుడు తూకం వేస్తాడు. మీ బావ తూకం వేసేవాడేమో, వేస్తే గనక ఇన్నేళ్ళు ఏం కాకపోవడానికి అదొక కారణం. నీ డబ్బా నింపిన ఆయన తూకం వేశాడా? వంద తీసుకున్నాడని రాశావు గానీ ఎన్ని గ్రాములకో రాయలేదు, ఆయన చెప్పలేదు కాబట్టే నువ్వు రాయలేదు.

బావ చెప్పిందాంట్లో అబద్ధం లేదు. అక్కడ చాలామంది ఇంటి దగ్గర నింపుకుంటారు, ఆ అడాప్టర్లు బాహాటంగానే అమ్ముతారు. కానీ ఆ డబ్బా తిప్పి చూడు, ఇంగ్లీషులో DOT-39 అని ఉంటుంది, అంటే ఒక్కసారి వాడి పారెయ్యాల్సిన రకం అని. రీఫిల్ చేసినదాన్ని రవాణా చేస్తే అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, ఐదు లక్షల డాలర్ల దాకా జరిమానా, ఐదేళ్ళ జైలు అని కూడా దాని మీదే అచ్చు వేసుంటుంది. ఈ రకం డబ్బాలు చెత్తలో గుట్టలుగా పడుతున్నాయని కాలిఫోర్నియాలో 2022లో చట్టమే చేశారు, 2028 జనవరి 1 నుంచి అక్కడ అమ్మకూడదు. మళ్ళీ మళ్ళీ నింపుకోడానికే తయారుచేసిన ఒక పౌండ్ సిలిండర్లు ఆ దేశంలో వేరే ఉన్నాయి, వాటి గోడ మందం, వాటికి నిండింది అని తెలిపే చిన్న స్క్రూ ఉంటుంది, అక్కడక్కడ దుకాణాల్లోనే నింపిస్తారు. అవైతే నేనూ వద్దనను. నీ దగ్గరున్నవి అవి కావు.

వాడి పారేసేదానికీ నింపుకునేదానికీ తేడా పైకి కనపడదు, లోపల వాల్వ్‌లో ఉంటుంది. పచ్చడబ్బా వాల్వ్ కారు టైరు వాల్వ్ లాంటిదే, ఒక స్ప్రింగు, ఒక పిన్ను, ఒక చిన్న రబ్బరు. స్టవ్ తగిలిస్తే తెరుచుకుంటుంది, తీస్తే మూసుకుంటుంది, ఇలా కొన్నిసార్లు చెయ్యడానికే దాన్ని చేశారు. ఒక్క ఇసక రేణువు రబ్బరు మీద కూచుంటే చాలు, సగం మూసుకుని ఊరుకుంటుంది. మీ అమ్మకి వచ్చే వాసన నా అంచనాలో అక్కడి నుంచే. మన బండ వాల్వ్ అలా కాదు, అది ఏజెన్సీకి వెళ్ళిన ప్రతిసారీ ప్లాంట్‌లో చూస్తారు, లీకుంటే మారుస్తారు, బండకే పరీక్ష ఉంది, కొత్తది పదేళ్ళకి, ఆ తర్వాత ఐదేళ్ళకోసారి. బండ పైన పట్టుకునే రింగు కింద నిలువు పట్టీల మీద ఏ బి సి డి లో ఒక అక్షరం, పక్కన సంవత్సరం ఉంటుంది చూడు, ఏ అంటే మార్చి లోపు, బి అంటే జూన్ లోపు, సి సెప్టెంబర్, డి డిసెంబర్. ఆ తేదీ దాటిన బండ ఇంటికొస్తే వెనక్కి పంపించెయ్యి, డెలివరీ బాయ్ ఏమన్నా సరే.

పచ్చడబ్బాకి ఆ పరీక్షలేవీ లేవు. పైగా అవి ఓడలో వచ్చాయి, ఇప్పుడు వైజాగ్‌లో ఉన్నాయి. ఈ ఊరి గాలి సంగతి నీకు తెలిసిందే కదా, బీచ్ రోడ్డు వైపు అపార్ట్‌మెంట్లలో కిటికీ గ్రిల్స్ రెండేళ్ళకే పొట్టు లేస్తాయి, బండి సైలెన్సర్ తుప్పు పడుతుంది. డబ్బా అడుగున రంగు పోయిన చోట గోరుతో గీకి చూడు, ఎర్రగా వస్తే ఆ రేకు పల్చబడుతున్నట్టే. మురళీనగర్ సముద్రానికి కొంచెం దూరమేలే, అయినా ఉప్పు గాలి ఊరంతా తిరుగుతుంది.

ఇక నింపే షాపు గురించి. ఇది రాయడానికి నాకు కొంచెం కష్టంగానే ఉంటుంది, ఎందుకంటే అలాంటి షాపులు నడిపేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, వాళ్ళ దగ్గరకొచ్చేవాళ్ళు బ్యాచిలర్లు, ఊరి నుంచి పనికొచ్చిన కూలీలు, బజ్జీల బండివాళ్ళు, కనెక్షన్ కోసం అడ్రస్ కాయితం లేనివాళ్ళు. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో ఎంవీపీ కాలనీ వైపు ఒక కుర్రాళ్ళ రూమ్ నుంచి రాత్రి పూట కబురొచ్చింది, మా ఏజెన్సీ బండ కూడా కాదు అది, ఇంటి ఓనరు నాకు తెలిసినాయన కాబట్టి వెళ్ళాను. మూడు కిలోల బుడ్డి సిలిండర్, పైనే బర్నర్ బిగించే రకం, ఆ సాయంత్రమే ఎక్కడో నింపించి మంచం కింద పెట్టారు. మెట్లెక్కుతుంటేనే కంపు. తలుపు తోసేసరికి లోపల చీకటి, అందులో ఒక కుర్రాడు నిద్రలోంచి లేచి, ఎవరో వచ్చారు కదా అని మర్యాదగా లైటు వెయ్యడానికి స్విచ్ మీద చెయ్యి పెట్టాడు. నేను అరిచిన అరుపుకి వాడు చెయ్యి తీశాడు. ఆ చెయ్యి తియ్యకపోయుంటే అని ఇప్పటికీ కొన్ని రాత్రులు మెలకువొస్తే అనుకుంటాను. నలుగురు పడుకుని ఉన్నారు ఆ గదిలో. బండని చాప మీద పెట్టి లాక్కుంటూ మేడ మీదకి తీసుకెళ్ళి, గదిలో తడి గోనెసంచితో నేల మీద గాలిని బయటికి ఊడ్చినట్టు ఊడ్చాం, గంటన్నర పట్టింది. తెల్లారాక చూస్తే వాల్వ్ కింద మర సరిగ్గా కూచోలేదు. నింపినవాడికి అది తెలిసే అవకాశమే లేదు, ఆయన దగ్గర సబ్బు నీళ్ళు కూడా ఉండవు.

అలా పొయ్యడం చట్టప్రకారం కూడా నేరమే. ఇంటి బండ 14.2 కిలోలది ఇంటి వంటకే, అందులోంచి ఇంకో దాంట్లోకి పొయ్యడం 2000లో వచ్చిన ఎల్పీజీ ఆర్డర్ కింద తప్పు, అది నిత్యావసర వస్తువుల చట్టం కిందకొస్తుంది, జైలు దాకా వెళ్ళే వ్యవహారం. సిలిండర్ల మీద 2016 నుంచి గ్యాస్ సిలిండర్స్ రూల్స్ వేరే ఉన్నాయి, ఇక్కడ ఆమోదం లేని సిలిండర్‌ని నింపడానికే లేదు, బావగారి డబ్బాకి అమెరికా ముద్ర ఉంది గానీ మన ముద్ర లేదు. రేపు ఏదన్నా జరిగితే ఇన్సూరెన్స్ అడగడానికి కూడా నోరుండదు. ఏజెన్సీ కనెక్షన్ మీద ప్రమాద బీమా ఉంటుంది, అది సరైన బండకీ సరైన వాడకానికీ మాత్రమే.

గ్యాస్ అంటే నాకు భయం లేదు నాన్నా, గౌరవం. మన డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర భూమి లోపల రాతిని తొలిచి 60 వేల టన్నుల గ్యాస్ నిల్వ చేస్తున్నారు, చుట్టూ రాతిలో ఉన్న నీటి ఒత్తిడే దాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది, అంత గ్యాస్ పక్కన పెట్టుకుని మనం హాయిగా పడుకుంటున్నాం, ఎందుకంటే ఆ ఏర్పాటు ఆ గ్యాస్ కోసమే లెక్కేసి చేశారు. ఇదే ఊళ్ళో 1997 సెప్టెంబర్ 14, ఆదివారం పొద్దున్న, రిఫైనరీలో గ్యాస్ లీకై నేల మీద మబ్బులా పాకి నిప్పుని వెతుక్కుంది. సుమారు అరవై మంది పోయారు. మల్కాపురం వైపు నుంచి జనం కట్టుబట్టలతో పరిగెత్తి వచ్చారు, ఆ పొగ రోజుల తరబడి కనపడింది. ఆ వయసువాళ్ళు మీ ఇంట్లో ఎవరున్నా అడుగు, మీ అమ్మ కూడా చూసే ఉంటుంది. రోజూ గొడవ పెడుతోంది అని రాశావే, ఆవిడకి ఆ పొగ గుర్తుండి ఉండొచ్చు.

సరే డబ్బుల దగ్గరకొద్దాం, అడిగావు కాబట్టి లెక్క కట్టే చెప్తాను. రెండొందల క్యాన్‌లో 225 గ్రాములు. పచ్చడబ్బాలో 465 గ్రాములు పడతాయి, అంటే రెండు క్యాన్ల లెక్క, నాలుగొందల పైమాట. షాపాయన వందకి నింపాడు. డబ్బాకి మూడొందలు మిగిలినట్టు కనిపిస్తుంది, ఐదు నింపిస్తే పదిహేనొందలు, నోరూరేలాగే ఉంది. కానీ మీకు ఎంత గ్యాస్ కావాలి? ఆరుబయట చిన్న స్టవ్ మీద లీటరు నీళ్ళు మరగడానికి పదిహేను ఇరవై గ్రాములు పడుతుంది, గాలి గట్టిగా కొడితే ఇంకొంచెం. ఒక్క క్యాన్‌తో పదకొండు నుంచి పదిహేను లీటర్లు కాగుతాయి. నలుగురు, ఒక రాత్రి, టీలు, నూడిల్స్, పొద్దున్నే ఉప్మా, రెండు క్యాన్లు తీసుకెళ్తే ఒకటి మిగిలే వస్తుంది. నాలుగొందలు నలుగురు పంచుకుంటే మనిషికి వంద. పచ్చడబ్బా ఒక్కటి నింపించి తీసుకెళ్తే మనిషికి పాతిక. మిగిలేది మనిషికి డెబ్భై అయిదు రూపాయలు నాన్నా, తాళ్ళపాలెం దగ్గర ఆగి టిఫిన్ చేస్తే అయిపోతుంది. దీని కోసం ఐదు డబ్బాలు అటక మీద పెడతానంటున్నావు.

క్యాన్ల గురించి కూడా ఒక మాట, ఎందుకంటే అవి కొనమన్నాను కదా అని నువ్వు ఖాళీ అయ్యాక వాటిని నింపించడం మొదలెడితే ఇంకా ప్రమాదం. ఆ క్యాన్ రేకు సెంటు స్ప్రే డబ్బా రేకంత పల్చన, అది బ్యూటేన్ ఒత్తిడికే చేసింది. మన ఇంటి బండలో ప్రొపేన్ కూడా కలిసి ఉంటుంది, దాని ఒత్తిడి బ్యూటేన్ కంటే ఎన్నో రెట్లు. పచ్చడబ్బా కనీసం ప్రొపేన్‌కే చేసింది కాబట్టి ఆ ఒత్తిడి తట్టుకుంటుంది, ఈ క్యాన్‌కి ఆ శక్తి లేదు. క్యాన్లలో బండ గ్యాస్ నింపే గొట్టాలు ఆన్‌లైన్‌లో వస్తున్నాయి, కొనొద్దు.

లంబసింగిలో నీకు ఒక ఇబ్బంది వస్తుంది, ముందే చెప్తున్నాను. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరకొచ్చేసరికి ఆవిరవ్వడం మానేస్తుంది, డిసెంబర్ తెల్లవారుజామున అక్కడ చలి ఒక్కోసారి సున్నాకి దగ్గర్లోకి వెళ్తుంది, నాలుగైదు డిగ్రీలంటే మామూలే. క్యాన్‌లో గ్యాస్ ఉంటుంది, ఊపితే గలగలమంటుంది, మంట మాత్రం గుడ్డిగా వెలుగుతుంది. అప్పుడే కుర్రాళ్ళు క్యాన్‌ని చలిమంట దగ్గర పెడతారు. అలా చెయ్యకు, మరుగునీళ్ళల్లో కూడా పెట్టకు. రాత్రి పడుకునేటప్పుడు క్యాన్‌ని స్టవ్ నుంచి తీసి బట్టల సంచిలో దుప్పట్ల మధ్య పెట్టు, వంట చేసే ముందు కాసేపు స్వెట్టర్ లోపల పెట్టుకో, ఒంటి వేడి చాలు దానికి. స్టవ్ కింద చల్లటి రాయి కాకుండా చెక్క ముక్క వెయ్యి. క్యాన్ పక్కన పడుకోబెట్టే రకం స్టవ్ అయితే బర్నర్‌ని దాటిపోయే పెద్ద గిన్నె పెట్టొద్దు, ఆ వేడి వెనక్కి తిరిగి క్యాన్ మీద పడుతుంది. టెంట్ లోపల మాత్రం ఎంత చలేసినా వెలిగించకు, జిప్పులు మూసిన టెంట్‌లో కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, దానికి వాసనా ఉండదు దగ్గూ రాదు, నిద్రలోనే పోతారు. ఈ ఒక్క విషయం నీ ముగ్గురు ఫ్రెండ్స్‌కీ చదివి వినిపించు.

అరకు ట్రైన్‌కి అయితే స్టవ్, క్యాన్, సిలిండర్ ఏదీ వద్దు, నిండుదీ వద్దు సగందీ వద్దు. రైల్లో మండే సరుకు తీసుకెళ్తే రైల్వే చట్టం కింద మూడేళ్ళ దాకా జైలు ఉంది. అది పక్కన పెట్టు, 2023 ఆగస్టు 26న మదురై స్టేషన్ దగ్గర ఆగి ఉన్న టూరిస్టు పెట్టెలో తెల్లవారి టీ పెట్టుకుందామని దొంగతనంగా తెచ్చిన సిలిండర్ వెలిగించారు, తొమ్మిది మంది యాత్రికులు ఆ పెట్టెలోనే కాలిపోయారు. అది ఆగి ఉన్న రైలు. మన అరకు లైన్‌లో యాభై ఎనిమిది సొరంగాలున్నాయి, సొరంగం మధ్యలో నిప్పంటుకుంటే కిందకి దిగి ఎటు పరిగెత్తుతావు? బొర్రాలో, అరకులో స్టేషన్ బయటే వేడి వేడి టీ దొరుకుతుంది, బొంగులో చికెన్ వాళ్ళే కాల్చి పెడతారు, కొండల్లో ఆ ఆడవాళ్ళు పెట్టే పొయ్యిల దగ్గర నాలుగు డబ్బులు ఖర్చు పెట్టు, నాకు అదే నచ్చుతుంది.

ఇలా బయటకెళ్ళడం మీకు అలవాటైతే, నెలకోసారి అయినా ఎటో ఒక చోటకి కారేసుకుని పోతారంటే, ఐదు కిలోల చిన్న బండ తీసుకో. ఇండేన్‌లో దాన్ని చోటూ అంటారు, హెచ్‌పీలో అప్పు అంటారు. అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేదు, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు ఒకటి చాలు, ఏజెన్సీల్లోనూ కొన్ని పెట్రోల్ బంకుల్లోనూ ఇస్తారు, అయిపోతే ఖాళీది ఇచ్చి నిండుది తెచ్చుకోవడమే. నీ ఫ్రెండ్‌కి తెలిసిన ఆయన దగ్గరకి వెళ్ళే రూమ్ కుర్రాళ్ళకి కూడా ఈ సంగతి చెప్పు, సగం మందికి ఇది ఉందనే తెలీదు, తెలిస్తే అక్కడికి వెళ్ళరు. గ్యాస్ కిలో రేటు ఇంటి బండ కంటే ఎక్కువే పడుతుంది, నిజమే. రెగ్యులేటర్ ఏజెన్సీలోనే తీసుకో, గొట్టం సురక్ష అని రాసున్న నారింజ రంగుది తీసుకో, స్టవ్ ఐఎస్ఐ గుర్తున్న సింగిల్ బర్నర్ చాలు. బావగారి స్టవ్‌ని దీనికి కలపాలని చూడకు, దాని రెగ్యులేటర్ లెక్క వేరు, మధ్యలో ఎవరో వెల్డింగ్ చేసిన ముక్క వస్తుంది, మళ్ళీ మొదటికే వస్తాం. కారులో పెట్టేటప్పుడు రెగ్యులేటర్ తీసేసి తెల్ల మూత బిగించి నిలువుగా కట్టి ఒక కిటికీ అద్దం దించుకుని వెళ్ళు. ఘాట్ రోడ్డు మలుపుల్లో దొర్లే బండ ఎంత చప్పుడు చేస్తుందో నాకు తెలుసు. ఎండలో పార్క్ చేసిన కార్లో మాత్రం వదిలెయ్యకు.

ఆ ఐదు ఖాళీ పచ్చడబ్బాలు ఉత్త ఖాళీవి కావు, ప్రతిదాంట్లో కొంచెం ఆవిరి ఉంటుంది. పాత ఇనప సామానువాడికి అలాగే వేసెయ్యొద్దు, వాళ్ళు గ్యాస్ కట్టర్‌తో కోస్తారు, సమ్మెటతో కొడతారు, ఏం తెలీని మనిషి మొహం మీద పేలుతుంది. ఒక్కోటీ మేడ మీద బావగారి స్టవ్‌కి బిగించి వెలుగుతుందేమో చూడు, వెలిగితే ఆరిపోయేదాకా ఉంచు, తర్వాత స్టవ్ తెరిచే ఉంచి ఆరుబయట ఒక పూట వదిలెయ్యి. అప్పుడు ఇచ్చేటప్పుడు ఇది గ్యాస్ డబ్బా అని నోటితో చెప్పి ఇవ్వు. ఇత్తడి అడాప్టర్ బావకే ఇచ్చెయ్యి, చెడ్డ వస్తువు కాదు, ఇక్కడ పనికి రాదు అంతే.

మీ ఇంటి బండ సురక్ష గొట్టం మీద కూడా ఐదేళ్ళ తేదీ ఉంటుంది, మేడ మీంచి కిందకి దిగాక అమ్మతో కలిసి అది ఒకసారి చూడు. వాసన సంగతి అమ్మ చెప్పిందే సరైంది అని ఆవిడతో చెప్పి, డబ్బా తూకం ఎంతొచ్చిందో, బుడగలొచ్చాయో లేదో నాకు రాయి, నేను ఎదురుచూస్తుంటాను.